అన్నదమ్ముల మధ్య యేసు

2022లో నేను సంతోష్‌నగర్‌లోని ఒక చిన్న ఆసుపత్రిలో, డయాలిసిస్ యూనిట్‌లో పనిచేస్తున్నాను. టెక్నీషియన్‌నని ఎన్నిసార్లు చెప్పినా పేషెంట్లకు నేను సిస్టర్‌నే, కాబట్టి చెప్పడం మానేశాను. కిడ్నీలు పనిచేయని మనిషి రక్తాన్ని బయటికి తీసి, మెషీన్‌లో శుభ్రం చేసి, తిరిగి ఒంట్లోకి పంపడం మా పని. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. అంతసేపు కదలకుండా పడుకున్న మనిషి నిద్రైనా పోవాలి, మాట్లాడనైనా మాట్లాడాలి.

నిద్రపోయేవాళ్లతో మాకు పేచీ లేదు. మాట్లాడేవాళ్ల విషయంలో మాత్రం మా యూనిట్‌లో ఒక నియమం ఉంది. ఒక బెడ్ దగ్గర విన్న మాట ఇంకో బెడ్ దగ్గరికి మోయకూడదు. కోడలి మీద కోపం, డాక్టర్ మీద అనుమానం, చావు భయం, అన్నీ మాకే చెబుతారు. సూది గుచ్చే మనిషికి ఎందుకో మనసు విప్పుతారు. పనిలో చేరిన రోజే మా ఇన్‌చార్జి మేడమ్ ఈ నియమం చెప్పింది. నాది కృష్ణా జిల్లా అని తెలిశాక మళ్లీ ఒకసారి చెప్పింది. మాటలు మోయడంలో మావాళ్లకు ఎంత పేరుందో ఆవిడకు తెలుసు కాబోలు.

ఆ ఏడాది పొద్దుటి షిఫ్టులో కిటికీ పక్క బెడ్ శామ్యూల్ గారిది. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. గౌలిపురలో ఇల్లు, ఇంటి దగ్గరే చర్చి, ఆ చర్చిలో ఆయన సంఘపెద్ద. ఒకరోజు ఆయన పక్క బెడ్ ఖాళీ అయితే కొత్త పేషెంట్‌ను తెచ్చి పడుకోబెట్టాం. పేరు యాకోబు, ఎలక్ట్రీషియన్ పని. ఆయన్ని చూడగానే శామ్యూల్ గారు తల కిటికీ వైపు తిప్పుకున్నారు. ఫైళ్లు చూసి డాక్టర్ గారే విషయం కనిపెట్టారు. ఇద్దరికీ పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బు. కిడ్నీల నిండా నీటితిత్తులు పెరిగే ఈ జబ్బు ఇంటివాళ్లకు వంశపారంపర్యంగా వస్తుంది. వాళ్లిద్దరూ సొంత అన్నదమ్ములు. ఏళ్ల తరబడి మాటల్లేవు.

ఆస్తి గొడవేమో అనుకున్నాను. కాదట. తమ్ముడు అన్న చర్చి వదిలి, ఇళ్లలో కూడుకునే ఒక చిన్న సంఘంలో చేరాడట. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ కలిసి ఒకే దేవుడని అన్న చర్చి చెబుతుంది. దాన్ని త్రిత్వం అంటారు. తమ్ముడి సంఘం దాన్ని ఒప్పుకోదు. తండ్రి ఒక్కడే దేవుడు, యేసు ఆయన పంపిన కుమారుడు, రక్షకుడు, అంతేగాని దేవుడు కాదు అంటుంది. నేను ఇంట్లో దుర్గమ్మకు దీపం పెట్టుకునే మనిషిని. ఇంతమాత్రానికే తోడబుట్టినవాళ్లు మాటలు మానేస్తారా అని మొదట్లో నవ్వుకున్నాను.

డయాలిసిస్‌లో డ్రై వెయిట్ అనేది ఒకటుంటుంది. ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువన్న మాట. ఇంటి దగ్గర నీళ్లు ఎక్కువ తాగి వస్తే ఆ నీరంతా మెషీన్ లాగాలి. అప్పుడు బీపీ పడిపోయి పిక్కలు పట్టేస్తాయి. ఒకరోజు యాకోబు గారు అలాగే మెలికలు తిరిగిపోతుంటే, కిటికీ వైపున్న తల ఇటు తిరిగింది.

“సిస్టర్, ముందు వాని కాలు పట్టుకోర్రి. చిన్నప్పటి సంది వాడు దాహం ఆపుకోలేడు,” అన్నారు శామ్యూల్ గారు.

నొప్పి తగ్గాక యాకోబు గారు పైకప్పు వైపు చూస్తూ అన్నారు. “దాహమైతున్నదని సిలువ మీద ఆయన గూడ అన్నడు. దేవునికి దాహమైతదా అన్నా?”

“మనిషిగ వచ్చినంక మనిషికైనట్లే అయితది.”

“మరి దేవుడెట్లయితడు?”

అలా మొదలైంది. ఆ రోజు నుంచి మా యూనిట్‌లో టీవీ పెట్టాల్సిన పని లేకపోయింది. సూది ఉన్న చెయ్యి కదలకూడదు కాబట్టి శామ్యూల్ గారు ఒంటిచేత్తో బైబిల్ తిరగేసేవారు, కావలసిన చోటు దొరికేది కాదు. యాకోబు గారికి అంతా కంఠస్థం. “గది గాదన్నా, ఇంకో రెండు పేజీలు ఎనక్కి పో,” అని తనను ఓడించే వాక్యాన్ని తనే చూపించేవారు. అన్న దాన్ని గట్టిగా చదివేవారు, తమ్ముడు దానికి వేరే అర్థం చెప్పేవాడు.

ఎదుటి బెడ్ మీది ఖాదర్ భాయ్‌కి ఒకరోజు ఓపిక నశించింది. “అరే భాయ్, ఈసా పైగంబర్ అని మేం ఎప్పుడో తేల్చేసినం. గీ లొల్లి ఏంది మీకు?” అన్నాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఆయన మీద పడ్డారు. యేసు వట్టి ప్రవక్త కాదని ఇద్దరూ ఒకే గొంతుతో అరగంట చెప్పారు. ఖాదర్ భాయ్ దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు. వాళ్లు ఒకే వైపు నిలబడటం నేను చూసింది ఆ ఒక్క రోజే.

వాదన ముదిరితే శామ్యూల్ గారి బీపీ ఎక్కేది. తమ్ముణ్ణి మధ్యాహ్నం షిఫ్టుకు మారుద్దామని డాక్టర్ గారు అంటే, “వాడు లేకుంటే నేను గూడ రాను సార్,” అన్నారాయన. మార్చలేదు.

రెండేళ్లు గడిచేసరికి శామ్యూల్ గారి గుండె బలహీనపడింది. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఆయాసం. ఒక గురువారం యాకోబు గారు ఆలస్యంగా వచ్చారు. ఆ లోపు నేను శామ్యూల్ గారికి సూదులు పెడుతున్నాను. ఆయన చేతిలో ఫిస్టులా ఉంది. డయాలిసిస్ కోసం సర్జన్ రక్తనాళాలను కలిపి కుట్టిన చోటది. వేలు ఆనిస్తే లోపల రక్తం పరుగు తెలుస్తుంది. నా వేలు దాని మీద ఉండగానే ఆయన మెల్లగా అన్నారు.

“సిస్టర్, వీనితోని నేను గెలవాల్నని కొట్లాడుతలేను.”

“మరి ఎందుకండీ అంత ఆవేశం?”

“యేసును దేవుడని ఒప్పుకోనోనికి పైన జాగ లేదని మా చర్చిల చెప్తరు. సండే స్కూల్ల పిల్లలకు నేనే చెప్పిన. గిప్పుడు గా మాట నా తమ్ముని మీదనే పడ్డది. నేను పోయేటి రోజులు దగ్గర పడ్డయి. పైన మా అమ్మ ఉంటది. చిన్నోడేడిరా అని అడుగుతది గద. నేనేం చెప్పాలె?”

“దేవుడు చూసుకుంటాడు లెండి,” అన్నాను. ఏ దేవుడు అన్నట్టు ఆయన నా వైపు చూసి నవ్వారు. ఇంతలో యాకోబు గారు వచ్చారు. ఆయనకు సూదులు పెడుతున్నప్పుడు కూడా నేను ఆ మాట ఎత్తలేదు. నియమం నియమమే.

ఆ రోజు యాకోబు గారు అడగాల్సిన ప్రశ్న అడిగేశారు. “నన్నెందుకు ఇడిసిపెట్టినవని సిలువ మీద మొత్తుకున్నడు గద అన్నా. ఆయనే దేవుడైతే, ఎవరు ఎవర్ని ఇడిసిపెట్టినట్టు?”

“ఆయాసమైతున్నది తమ్మీ. శనివారం చెప్తా,” అన్నారు శామ్యూల్ గారు.

శుక్రవారం ఇంట్లోనే పోయారు.

మంగళవారం యాకోబు గారు వచ్చారు. ముఖం ఉబ్బి ఉంది, శనివారం డయాలిసిస్ తప్పింది కదా. సమాధుల తోటలో ఏం జరిగిందో ఆయనే చెప్పారు. పాస్టర్ తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరిట ప్రార్థన చేసి అందరినీ ఆమేన్ అనమన్నప్పుడు ఈయన నోరు తెరవలేదట. అన్న మట్టి దగ్గర కూడా మొండితనమేనా అని బంధువులు ముఖం మీదే అన్నారట.

“నమ్మంది నోటితోని ఎట్లంటం సిస్టర్. అన్నకు గూడ తెలుసు నేను అనలేనని,” అన్నారు. మళ్లీ ఆయనే అడిగారు. “మొన్న నేనడిగిన దానికి అన్న మీతోని ఏమన్న జవాబు చెప్పిండా?”

కిటికీ పక్క బెడ్ మీద తెల్ల దుప్పటి పరిచి ఉంది. ఇక ఆ బెడ్ మాటను ఎక్కడికి మోసినా అడిగేవాళ్లు లేరు. జవాబేమీ చెప్పలేదని, కానీ ఇలా భయపడ్డారని చెప్పాను. పైన చోటు లేదన్న మాట, అమ్మ అడుగుతుందన్న మాట, అన్నీ చెప్పాను.

యాకోబు గారు లేచి కూర్చోబోయారు. చెయ్యి కదపొద్దని భుజం పట్టుకున్నాను.

“అన్నకు గా భయముండెనా?” అన్నారు. “సంఘపెద్దను గద అని, నా మీద గెలవాల్నని మాట్లాడుతుండనుకున్న. నాకు గా భయమే లేదు సిస్టర్. మా అన్న తప్పు సదివిండు, గంతే. దానికి తండ్రి మా అన్నను బయట నిలబెడ్తడా? అమ్మ, అన్న, నేను, ముగ్గురం ఆఖరి దినాన సమాధులకెల్లి ఒక్కతాన లేవాల్ననే నేను రోజూ ప్రార్థన చేస్తుంటి.”

“ఆయన ఒప్పుకునేవారంటారా?”

“యాడ ఒప్పుకుంటుండె. దానికి గూడ వాక్యం తీసి లొల్లి పెడుతుండె. కానీ తమ్ముడు నా కోసం గిట్ల అడుగుతుండని తెలుసుకోని పోతుండె గద. ఒక్కపాలి అడిగుంటే చెప్పకపోదునా.”

ఏడుపు ఆపుకోలేకపోయారు. మెషీన్ బీపీ అలారం కొడుతూనే ఉంది. నేనూ ఏడుస్తూనే దాన్ని ఆపాను. ఎదుటి బెడ్ మీద ఖాదర్ భాయ్ చేయి పైకెత్తి తన భాషలో దువా చేస్తున్నాడు. ఎవరి కోసమని అడగలేదు.

వాళ్లిద్దరిలో ఎవరు సరైనవాళ్లో నాకు తెలియదు, తేల్చే చదువూ నాకు లేదు. రెండేళ్లు పక్కపక్కనే పడుకుని దేవుడి గురించి అన్నీ మాట్లాడుకున్నారు, ఒకరి గురించి ఒకరు పడే బెంగ మాత్రం మాట్లాడుకోలేదు. మా నియమం తప్పని నేను అనను. ఇప్పటికీ ఒక బెడ్ మాట ఇంకో బెడ్‌కు మోయను. కానీ ఎవరైనా అలాంటి బెంగ నాకు చెబితే, దేవుడు చూసుకుంటాడనడం మానేశాను. ఈ మాట వాళ్లకు చెప్పారా అని అడుగుతాను. చాలామంది తల కిటికీ వైపు తిప్పుకుంటారు. యాకోబు గారిని తలచుకుని, సూది పెట్టడం అయ్యేలోపు ఇంకోసారి అడుగుతాను.