మా అత్త బిగించిన తుపాకి తిత్తి

మా మేడ మీద వాటాలో ఒక కుర్ర ఎస్సై అద్దెకుంటోంది. చురుకైన పిల్ల, మెట్లు దిగడం కూడా పరుగే. మొన్నామధ్య పొద్దున్నే నేను వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, ఆ పిల్ల ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకొని, రెండో చేత్తో తుపాకి పెట్టుకునే నల్లటి ప్లాస్టిక్ హోల్‌స్టర్‌ను నడుముకున్న బెల్టు మీద పెట్టి ఒక్క నొక్కు నొక్కింది. టక్కుమంది. అంతే, కదిలించి చూసుకోనైనా లేదు, జీపెక్కి వెళ్ళిపోయింది. నేను చేతిలో చిక్కుడుకాయ పట్టుకొని అలాగే నవ్వుకుంటూ కూర్చుంటే మా ఆయన లోపల్నించి తొంగిచూసి, ఒక్కదానివే యాల నగుతాండావని అడిగాడు. మీ అమ్మ గుర్తొచ్చిందిలే అన్నాను. తుపాకిని చూస్తే అత్త గుర్తు రావడమేమిటని మీరూ అనుకుంటారేమో గాని, విడమరిచి చెబితే అర్థమవుతుంది.

తొంభైలలో నేను ఎస్సైగా చేరినప్పుడు మాకిచ్చిన సరంజామా ఇప్పటిలా ఉండేది కాదు. వెడల్పాటి తోలు బెల్టు, భుజం మీదుగా వచ్చి వెనకాల కొక్కేనికి తగులుకునే అడ్డపట్టీ, బెల్టుకు ఎక్కించుకోవడానికి వెనక ఒక తోలు ఉచ్చు ఉన్న హోల్‌స్టర్, ఇవి కాక రివాల్వర్ పిడికి కట్టి భుజానికి వేసుకునే తాడు. ఇవన్నీ ఒంటికి సరిగ్గా అమరేసరికి ఒక సంసారం చక్కదిద్దినంత పనయ్యేది. పైగా అవన్నీ మగవాళ్ళ నడుములను మనసులో పెట్టుకొని కుట్టినవి. నేనప్పుడు గాలికి ఎగిరిపోయేలా ఉండేదాన్ని, ఇప్పుడు చూస్తే నమ్మరు. బెల్టు చివరి బెజ్జానికి బిగించినా వదులే. మా ఆయన మేకు కాల్చి కొత్త బెజ్జాలు పొడిచిచ్చాడు గాని, వాటిలో ఒకటీ తిన్నగా లేదు. ఇక ఆ హోల్‌స్టర్ నా నడుము చుట్టూ ప్రదక్షిణం చేస్తూ ఉండేది. జీపులో కూర్చుంటే వీపున గుచ్చుకునేది, దిగితే పొట్ట మీదికి వచ్చేది.

నేను పుట్టింది రామసముద్రంలో బట్టలంగడి పెట్టుకున్న ఇంట్లో, మెట్టింది పుంగనూరులో నూనెల అంగడి వాళ్ళింట్లో. రెండు వైపులా ఎన్ని తరాలు వెతికినా పోలీసు అన్నవాడు లేడు. పెళ్ళయ్యాక పట్టుబట్టి పరీక్ష రాసి ఎస్సైగా నెగ్గినప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ అలిగింది మా అత్తే. గల్లాపెట్టె దగ్గర కూర్చోవలసిన కోడలు లాఠీ పట్టుకొని రోడ్డు మీద నిలబడడమేమిటని కొన్నాళ్ళు నాతో మాటలే మానేసింది. అయితే నాకు మదనపల్లెలో పోస్టింగు వచ్చిందని తెలిసినరోజు, ఆడపిల్లను ఒక్కదాన్నే యాడికి పంపిస్తారని మా మామను, మా ఆయనను కలిపి తిట్టి, తన దేవుడి పటాలూ కాఫీ ఫిల్టరూ మూటగట్టుకొని నాకంటే ముందు బస్సెక్కి కూర్చుంది. అంగడి చూసుకోవడానికి మగవాళ్ళిద్దరూ పుంగనూరులో ఉండిపోయారు. మదనపల్లె అద్దెయింట్లో మేమిద్దరం ఆడవాళ్ళం మిగిలాం.

ఆమెకు మడి ఎక్కువ. తెల్లవారక ముందే తలకు పోసుకొని, దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆ తరువాతే పొయ్యి వెలిగించేది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ అదే వరస, జ్వరమొచ్చినా తప్పేది కాదు. తోలు ఆమెకు ఆమడ దూరం. నా బెల్టూ హోల్‌స్టరూ వాకిలి దాటి లోపలికి రాకూడదు. వసారాలో గొడుగు పక్కన మేకు కొట్టించి వాటిని అక్కడ తగిలించమంది. రివాల్వర్‌ను మాత్రం నేను ముందుగదిలో ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసుకునేదాన్ని. ఆ బీరువా వైపు వెళ్ళాల్సి వస్తే ఆమె గోడ వారగా నడిచేది. హోల్‌స్టర్ అన్న మాట నోరు తిరగక దాన్ని తుపాకి తిత్తి అనేది.

మా సీఐ గారు మంచివారే గాని నోరు పెద్దది. రివాల్వర్ కింద పడిన రోజు నీ ఉద్యోగం కూడా దాని పక్కనే పడుతుందని మొదటి వారంలోనే చెప్పారు. ఆ మాట నాకు ఎముకల్లో దిగింది. ఇంత పోరాడి తెచ్చుకున్న ఉద్యోగం ఒక తోలు ఉచ్చు వల్ల పోతే అటు ఊరూ ఇటు ఇల్లూ ఏమంటాయో తలచుకుంటేనే ఒళ్ళు చల్లబడేది. అందుకని ఎక్కడికి వెళ్ళినా కుడిచేత్తో దాన్ని పట్టుకొనే నడిచేదాన్ని. మా హెడ్ కానిస్టేబుల్, పాపం, నాకు ఎప్పుడూ కడుపునొప్పి అనుకొని వాళ్ళావిడతో వాము వేయించి పొట్లం కట్టి తెచ్చిచ్చాడు.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా వాళ్ళ అంగడిలో త్రాసులు, తూకపు రాళ్ళు, నూనె కొలతలు అన్నీ తోమి, నూనె రాసి, బొట్లు పెట్టడం ఆనవాయితీ. మదనపల్లెలో త్రాసు ఎక్కడిది? మా అత్త ఆలోచించి ఆలోచించి, కోడలి పనిముట్టు మాత్రం పనిముట్టు కాదా అనుకుందట. స్నానానికి ముందే వసారాలోకి వెళ్ళి, కొబ్బరి పీచు పట్టుకొని, మేకుకు వేలాడుతున్న ఆ తుపాకి తిత్తికి అంగడి నుంచి వచ్చిన వేరుశనగ నూనె సుబ్బరంగా పట్టించి, మీద కుంకుమ బొట్టు పెట్టింది. నేను డ్యూటీకి బయల్దేరుతూ చూస్తే అది అద్దంలా మెరుస్తోంది. నాకూ సంతోషమే అయింది, ఎవరు చేశారని అడగనైనా లేదు. వేరుశనగ నూనె తాగిన తోలు ఉడికిన వంకాయలా మెత్తబడిపోతుందని, కుట్టు దారం చీకిపోతుందని ఆ ఇంట్లో ఇద్దరికీ తెలియదు.

కొన్ని వారాలు గడిచాయి. టమాటా ధర అడుగంటి, నిమ్మనపల్లె వైపు నుంచీ బి.కొత్తకోట వైపు నుంచీ వచ్చిన రైతులు మార్కెట్ ముందు రోడ్డు మీద గంపలు గంపలుగా కాయలు కుమ్మరించి అడ్డంగా కూర్చున్నారు. వాళ్ళ కడుపు మంట అబద్ధం కాదు, కానీ బస్సులన్నీ ఆగిపోయాయి. బందోబస్తుకు నన్నూ పంపారు. తోపులాటలో నా కాలు టమాటాల మీద పడింది, సర్రున జారాను. కింద పడకుండా నిలదొక్కుకున్నాను గాని నడుము దగ్గర ఏదో పుటుక్కుమంది. ఉచ్చు కుట్టు తెగి హోల్‌స్టరూ అందులోని రివాల్వరూ కలిసి భుజం తాడుకు వేలాడుతూ మోకాలి దగ్గర బావిలో చేదలా ఊగుతున్నాయి. అప్పుడు నాకు పట్టిన చెమట ఇప్పటికీ ఆరలేదంటే నమ్మండి. అంతమంది మధ్య ఎవరి చెయ్యి పడినా అయిపోయినట్టే!

నా ఎదురుగా అప్పటిదాకా గొంతు చించుకొని మమ్మల్ని తిడుతున్న ఒక పెద్దాయన, మా నాయన వయసువాడు, దాన్ని చూసి టక్కున ఆగిపోయాడు.

"ఎస్సైమ్మా, నీ తుపాకి జారిపోతాండాది సూడు తల్లీ!" అని, వెనక్కి తిరిగి, "రేయ్, నూకొద్దండప్పా, ఆయమ్మ కొంచెం సర్దుకోనీండి!" అని అరిచాడు. ఆ మాటతో రైతులు నా చుట్టూ జాగా వదిలి, ఏదో ఆడకూతురికి చీర జారినంత మర్యాదగా అటు తిరిగి నిలబడ్డారు. పెద్దాయన తన భుజం మీది తువ్వాలు తీసి నా చేతికిచ్చాడు. దాంతో హోల్‌స్టర్‌ను నడుముకు కట్టుకున్నాను. ముడి పడ్డాక ఆయన ఒకసారి చూసి, ఊ, సరిపోయిందమ్మా అని, మళ్ళీ మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టాడు. ఆ మనిషి ఏ ఊరివాడో ఈ రోజుకీ తెలియదు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

సీఐ గారు వచ్చి, ఖాకీ మీద ఎర్రంచు తువ్వాలుతో ఉన్న నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఏమ్మా, బందోబస్తుకొచ్చినావా, బాయికాడికి నీళ్ళు పోసుకోను వచ్చినావా?" అన్నారు. ఆ రోజు స్టేషన్లో పెట్టిన చీవాట్లు రాస్తే ఈ కాగితం కాలిపోతుంది. ఇంకొక్కసారి ఇలా జరిగితే పైకి రాస్తానని తేల్చి చెప్పి వదిలిపెట్టారు.

ఈ సంగతి నాకంటే ముందే బస్సెక్కి పుంగనూరు చేరింది. ఆ ఆదివారం మా మామ, మా ఆయన వచ్చారు. మా మామ నెమ్మదైన మనిషి, ఎన్నడూ గొంతెత్తి ఎరుగడు. ఇంక చాల్లేమ్మా, రాజీనామా ఇచ్చేసి వచ్చేయి, నగుబాటు పడేంత అవసరం మనకేమొచ్చిందని మెల్లగానే అన్నాడు. మా ఆయన తల వంచుకొని నేల చూస్తున్నాడు. నాకూ ఎదురు చెప్పే ఓపిక లేదు, సరేనని చెప్పడానికే నోరు తెరిచాను. అప్పుడు వంటింటి గడపలో నిలబడిన మా అత్త, నా ఉద్యోగాన్ని మొదటి నుంచీ కాదన్న మా అత్త, ముందుకొచ్చింది.

"దాని తప్పేముండాది? నూనె పూసింది నేను. అంగట్లో తూకంరాళ్ళకు పూసినట్టు పూసినా. దానికేం తెల్సు పాపం! నేను చేసిన పనికి అది ఉద్యోగం యాల ఇడిసిపెట్టల్ల?"

మా మామ ఇంకేదో అనబోతే, "మీరు కాఫీ తాగి బస్సుకు పోండి" అంది. అంతటితో ఆ విషయం ముగిసింది. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు పుంగనూరులోనే లేరు, మదనపల్లెలో ఎక్కడుంటారు!

ఉచ్చును చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టించాం గాని, సాగిన తోలు సాగినట్టే ఉంది. కొత్తది కావాలని రాసి పెట్టాను, వచ్చినప్పుడు వస్తుందన్నారు. అప్పుడు మా అత్త నా పాత ఖాకీ చొక్కా చింపి పీలికలు చేసింది. నూనె డబ్బాలు బస్సులో పంపేటప్పుడు మూత వదులైతే తడిగుడ్డ చుట్టి బిగిస్తారు కదా, అదే ఉపాయం. తడి పీలికను బెల్టుకు వరసలు వరసలుగా చుట్టి, దాని మీదికి ఉచ్చును బలవంతంగా ఎక్కించేది. బయటికి గుడ్డ అంచు కూడా కనిపించేది కాదు. మొదటి రోజు మరీ తడిపి చుట్టేసరికి నా ప్యాంటు మీద ఇంత మచ్చ పడింది, స్టేషన్ దాకా ఫైలు అడ్డం పెట్టుకొని నడిచాను. తరువాత చెయ్యి కుదిరింది. వసారాలో నేను రెండు చేతులూ కాస్త పైకెత్తి నిలబడితే, నాకు బెల్టు పెట్టి, వెనకాల అడ్డపట్టీ తగిలించి, చివర్లో తిత్తిని పట్టుకొని మూడు గుంజులు గుంజి, ఊ, పో, జాగ్రత్త అనేది. ఆ పూట ఎంత ఉరికినా, ఎంత దూకినా అది అంగుళం కదిలేది కాదు.

తోలు ముట్టుకోని మనిషి రోజూ ముట్టుకుంటోందే అన్న ఆలోచన నాకు రాలేదు. పొద్దున్నే పరుగుల మీద ఉండేదాన్ని, ఎప్పుడు బయటపడతానా అన్న ధ్యాసే. కొన్ని నెలల తరువాత మా మామ ఒక రాత్రి మా దగ్గర ఉండిపోయాడు. తెల్లవారి నేను గదిలో చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే బయట మాటలు వినిపించాయి.

"ఏమే, పొద్దెక్కతాండాది, దేవుని కాడ దీపం ఇంకా యాల పెట్టలా?"

"తోలు ముట్టుకునేది ఉండాది కదా. అమ్మాయి పోయినాక తలకు పోసుకోని పెడతా. రోజూ అంతే."

"అంతసేపు దేవుడికి దీపం లేకుండానా?"

"దేవుడు యాడికి పోతాడు, ఆడనే ఉంటాడు. దానికి టైమైపోతే ఆ సీఐ ఊరుకుంటాడా?"

నేను గుండీ పట్టుకొని అలాగే నిలబడిపోయాను. జ్వరమొచ్చినా తప్పని దీపం నా కోసం రోజూ వేళ తప్పుతోందని అప్పుడు తెలిసింది. బయటికి వచ్చి ఆమెను గట్టిగా పట్టుకొని ఏడవాలనిపించింది, కానీ మా ఇళ్ళల్లో అత్తాకోడళ్ళకు అలాంటి అలవాట్లు ఎక్కడివి? బెల్టు తెచ్చి ఆమె చేతికిచ్చాను. ఆమె ఎప్పటిలాగే బిగించి, పొమ్మంది.

రెండువేల సంవత్సరం దాటాక నేను సీఐగా కుప్పం వెళ్ళాను. ఆమె అక్కడికీ వచ్చింది, అరవం, కన్నడం కలగలిపి కూరగాయలవాళ్ళతో బేరమాడడం నాకంటే ముందే నేర్చుకుంది. అక్కడే నాకు కొత్త హోల్‌స్టర్ ఇచ్చారు. ఉచ్చు బిగువుగా, నా బెల్టుకు కొలిచి కుట్టినట్టుంది. మొదటి రోజు ఆమె గుంజి చూసి, ఇది దానంతట అదే గట్టిగుండాదే, ఇంక గుడ్డెందుకు అంది. "లేదత్తా, నడిస్తే ఊగతాండాది" అన్నాను. ఆమె నా మొహం వైపు ఒకసారి చూసి, గుడ్డ తడపడానికి వెళ్ళింది. ఊగదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. తరువాత ఆమె కుప్పంలో ఉన్నన్నాళ్ళూ అలాగే సాగింది.

ఒక వేసవిలో ఆమె పుంగనూరు వెళ్ళి, కొద్దిపాటి జ్వరంతో, ఎవరిచేతా సేవ చేయించుకోకుండా, తన ఇంట్లోనే కన్నుమూసింది. కర్మలు ముగించుకొని నేనొక్కదాన్నే కుప్పం తిరిగొచ్చాను. మరునాడు పొద్దున యూనిఫాం వేసుకొని, బెల్టు చేత్తో పట్టుకొని, వసారాలోకి వచ్చి రెండు చేతులూ కాస్త పైకెత్తి నిలబడ్డాను. డ్రైవర్ వచ్చి, మేడమ్, ఏమన్నా పోయిందా, వెతకాలా అని అడిగితే గాని చేతులు దించలేదు.

ఈ కాలం పిల్లలకు ఈ పాట్లు లేవు, ఉండకూడదు కూడా. ఆడపిల్ల నడుముకు సరిపోయే బెల్టులు వచ్చాయి, ఇల్లు అడ్డం చెప్పడమూ తగ్గింది. కోడలు ఖాకీ వేసుకుంటే అత్తలే ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపుకుంటున్నారు. చూస్తే నాకెంతో ముచ్చటగా ఉంటుంది. ఎవరి సాయమూ లేకుండా ఎవరికి వారు తయారై బయల్దేరిపోవడం మంచి మార్పే, కాదనను. కానీ ఆమె పోయాక కూడా నేను చాలా ఏళ్ళు నౌకరీ చేశాను, పతకాలు పెట్టించుకున్నాను, పెద్ద పెద్ద అధికారుల చేత శభాష్ అనిపించుకున్నాను. నా కోసం దేవుణ్ణి కాసేపు ఆగమన్న మనిషి మాత్రం మళ్ళీ దొరకలేదు.