తలుపుకి చేయి అడ్డం పెట్టిన ఆంటీ

పాపువా న్యూగినీలోని ఒక మిషన్ ఆసుపత్రిలో రెండేళ్లు నర్సుగా చేసి, మెల్‌బోర్న్‌లో దిగి, మా ఇల్లున్న టార్నీట్ వెళ్లే రైలెక్కాను. మా అమ్మాయి గ్రేస్‌కి తొమ్మిదేళ్లు. మూడు నెలలుగా నాతో ఫోన్‌లో మాట్లాడటం మానేసింది.

"స్టేషన్‌కి తీసుకొస్తాను గానీ, నీతో మాట్లాడుతుందో లేదో చెప్పలేను," అని నా భార్య ఫోన్‌లో చెప్పింది.

ఎదురు సీట్లో ఉన్న తెలుగావిడ మా మాటలు విన్నట్టుంది. "ఎన్నాళ్లకి వస్తున్నావు బాబూ?" అంది.

"రెండేళ్లకి ఆంటీ. దేవుని పని మీద వెళ్లాను. మా అమ్మాయికి నా మీద కోపం."



టార్నీట్‌లో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద గ్రేస్ వాళ్లమ్మ పక్కన అటు తిరిగి నిలబడి ఉంది. నేను అలాగే కూర్చుండిపోయాను. తలుపు మూసుకోబోతుంటే ఆంటీ గబుక్కున లేచి చేయి అడ్డం పెట్టింది.

"దిగు బాబూ! అంత కోపంలోనూ వచ్చింది కదా పిల్ల!"

దిగాను. గ్రేస్ ఇటు తిరగకుండానే ఇంగ్లీషులో అడిగింది, "మళ్లీ ఎప్పుడు వెళ్తావు డాడ్?"

ఆర్నెల్లలో తిరిగొస్తానని ఆసుపత్రి వాళ్లకి మాటిచ్చి వచ్చాను. "వెళ్లనమ్మా," అన్నాను.

అప్పుడు తిరిగింది. ఆంటీకి థాంక్స్ చెబుదామని చూసేసరికి రైలు కదిలిపోయింది.