సెప్పండి అనే గొంతు

పైడమ్మక్క ఇక లేదన్న దుర్వార్త మొన్న గురువారం తెల్లవారగానే చేరింది. ఆమె కొడుకే ఫోన్ చేసి చెప్పాడు. ముందురోజు సాయంత్రం డ్యూటీ దిగి నవ్వుతూ వెళ్లిన మనిషి నిద్రలోనే గుండె ఆగి వెళ్లిపోయింది. విజయనగరంలోని మా ప్రైవేటు ఆసుపత్రి టెలిఫోన్ విభాగానికి దశాబ్దాలుగా ఆమే ప్రాణం.

మాకు ఫోన్ చేసినవారందరికీ ఆ కంఠం సుపరిచితం. "నమస్కారం. ఏటి కావాలో సెప్పండి. అత్యవసరమైతే ఒకటి నొక్కండి" అని రికార్డయిన స్వాగతం ఆమెదే. పొందూరు ఆడపడుచు, 'చ' పలకదు. మేం ఆటపట్టిస్తే, "నా నోరు నాది, నీకేటే?" అనేది.

రోజూ కుర్చీలో కూర్చునేముందు తన సెల్‌ నుంచి ఆసుపత్రికే ఫోన్ చేసి ఆ స్వాగతం చివరిదాకా వినేది. 'నీ గొంతు నువ్వే వింటావేమక్కా' అని పక్క కుర్చీలో పనిచేసే నేను ఒకసారి నవ్వాను.

"గొంతు కాదే అమ్మీ, తలుపు తాళం సూస్తన్నాను. మనం లేనప్పుడు ఎవులైనా సొరబడితే?"

ఒక ఉదయం అలా వింటూనే ఆమె ముఖం పాలిపోయింది. ఫోన్ నా చెవికి ఆనించింది. అదే గొంతు, అదే ఆప్యాయత. నాకేమీ తేడా తెలియలేదు.

"ఆ మాట మళ్లీ ఇను."

'చెప్పండి' అంటోంది, స్పష్టంగా.

"నాను జన్మలో అలా అననేదు. అది నాను కాదే!"

ఆమె వెంటనే ఒకటి నొక్కింది. పక్కనే ఉన్న మా ఎమర్జెన్సీ వార్డులో ఫోన్ మోగలేదు. ఎవరో అపరిచితుడు ఎత్తి, ఎంతో మృదువుగా, "పేషెంట్ పేరు?" అన్నాడు. అక్క పరుగున వెళ్లి బయటి లైన్లన్నీ పీకేసింది.

మరమ్మతుల కోసం మా ఫోన్ వ్యవస్థకు పెట్టి మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డ్‌తో ఎవరో చొరబడ్డారని, ఆమె గొంతును కంప్యూటర్‌తో అనుకరించి అత్యవసర కాల్స్‌ బయటికి మళ్లించారని టెక్నీషియన్ తేల్చాడు. దొంగ ఎవరో, ఎందుకు చేశాడో తేలలేదు. ఆలోగా ఎవరెవరు రోగిని ఒళ్లో పెట్టుకుని ఒకటి నొక్కారో అదీ తేలలేదు. "ఆళ్లు నా గొంతునే నమ్మినారు కదే, ఏటైపోయారో" అని అక్క చివరిదాకా కుమిలిపోయింది.

పాస్‌వర్డ్‌లు మార్చాం. స్వాగతం మళ్లీ ఆమే చదివింది, 'సెప్పండి' అనే.

ఆ అప్రమత్తతకు, ఆ మమకారానికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆ లోటు తీరేది కాదు. ఇప్పుడు రోజూ నేనే ఫోన్ చేసి వింటున్నాను. పోయిన మనిషి గొంతు వింటుంటే ఏడుపు వస్తుంది, భయమూ వేస్తుంది. ఆ దొంగ ఈసారి 'సెప్పండి' అనడం నేర్చుకుని వస్తే, 'అది నాను కాదే' అనడానికి మా అక్క లేదు.