లోపలి గదికి తగిన ముఖం

ఉప్పల్‌లో మా పై పోర్షన్‌లో అద్దెకుండే బిక్షపతి, నాచారంలో ఇంజెక్షన్ మందులు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేస్తాడు. పెళ్లయిన కొత్తలో జనగామ వైపు నుంచి వచ్చాడు. మొదట గోదాంలో అట్టపెట్టెలు మోశాడు. తర్వాత సీసాలు కడిగే చోట చేరాడు. చాలా ఏళ్లకు లోపలి గదికి చేరుకున్నాడు.

లోపలి గది అంటే చిన్న గాజు సీసాల్లో మందు నింపే గది. అందులోకి వచ్చే గాలిని కూడా వడగట్టి వదులుతారు. వెళ్లేవాళ్లు ఒంటి మీది బట్టలు విడిచి, తల నుంచి పాదాల దాకా తెల్లటి తొడుగు వేసుకుని, కళ్లకు అద్దాలు, మూతికి మాస్కు పెట్టుకుంటారు. అక్కడ గట్టిగా మాట్లాడకూడదు, విసురుగా నడవకూడదు. ఆ నడక బిక్షపతికి ఇంట్లో కూడా అలవాటైపోయింది.

"పిల్లి లెక్క నడుస్తడు సార్. పొయ్యి కాడ నేను పని జేసుకుంటుంటె ఎన్కకొచ్చి నిలవడ్తడు. పానం పోయినంత పనైతది" అని అతని భార్య సారలమ్మ నాతో ఎన్నిసార్లు చెప్పిందో.

ఊరి నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా కంపెనీలో ఏం పని అనడిగితే బిక్షపతి వివరంగా ఏమీ చెప్పేవాడు కాదు. "లోపల" అనేవాడు. ఆ ఒక్క మాటలో అతని బతుకంతా ఉందని నాకు తెలుసు.

లోపలికి వెళ్లే మగవాళ్లు రోజూ గడ్డం నున్నగా గీసుకోవాలి. ముఖం మీద దద్దురు ఉన్నా, పొట్టు లేస్తున్నా తమంతట తామే చెప్పి బయట ఆగిపోవాలి. మనిషి ఒంటి నుంచి రాలిన పొట్టు సీసాలో పడితే అది ఎవరి నరంలోకి ఎక్కుతుందో ఎవరు చెప్పగలరు? అందుకే ఆ నియమం.

యాభై దగ్గరపడుతుండగా బిక్షపతి చర్మం ఎదురుతిరిగింది. గీసుకున్న కాసేపటికే దవడల కింద మంట, ఎర్రటి పొక్కులు. రెండుసార్లు బయట ఆగిపోయాడు. చర్మం డాక్టరు కొన్నాళ్లు గడ్డం వదిలేయమన్నాడు. అది తప్ప ఇంకేదైనా చెప్పమన్నాడు ఇతను. అయితే డబ్బా నురగ చేత్తో రుద్దడం మానేసి, మంచి సబ్బును మెత్తని బ్రష్షుతో పట్టించి చూడమన్నాడు డాక్టరు.

నేను పాతకాలం మనిషిని, ఇప్పటికీ బ్రష్షే వాడతాను. మా కిటికీలో ఆరేసి ఉన్న దాన్ని చూసి బిక్షపతి అడిగాడు.

"సార్, మెత్తగున్నదా లేదా ఎట్ల తెలుస్తది? దుకాణపోణ్ని అడిగితె అన్నీ మెత్తగనే ఉంటయంటడు."

సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్లాం. మెట్రో స్టేషన్ దాటాక సందులో ఒక ఫ్యాన్సీ షాపు ఉంది. షాపాయన ముందుగా ఒక గుబురు బ్రష్షు తీసి గల్లా మీద పెట్టాడు.

"గిది పంది ఎంట్రుకలది అన్నా. నురగ మస్తు లేస్తది."

బిక్షపతి దాన్ని వెనక్కి జరిపాడు. "ఇంట్ల తెలిస్తె బ్రష్షుతోని కలిపి నన్ను గూడ బయట వడేస్తది."

"ఎట్ల తెలుస్తది? నీ పెండ్లాం ఏమన్న బ్రష్షుల కంపెనీల జేస్తదా?"

"నేనే చెప్త గద."

షాపాయన నా వైపు చూసి నవ్వి, ఇంకొన్ని తీశాడు. అరచేతిలో కుచ్చులు అన్నీ మెత్తగానే ఉంటాయని, ముంజేతి లోపలి వైపు రాసి చూడమని చెప్పాను. కుచ్చు దట్టంగా ఉండాలి, కొనలు గుచ్చుకోకూడదు, కొద్దిగా నొక్కగానే వంగిపోవాలి. బిక్షపతి ఒక్కొక్కటి ముంజేతికి రాసుకుని, ఆపై చెవి కింద మంటపుట్టే చోట ఆనించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పెళ్లిచూపుల్లో కూడా ఇంతసేపు చూడలేదేమో అన్నాడు షాపాయన. బిక్షపతి వినిపించుకోలేదు. చివరికి సన్నటి సింథటిక్ దారాలది ఒకటి ఎంచుకున్నాడు. అది నిజంగా మెత్తటిదే. నేనూ చూశాను.

అయినా మంట తగ్గలేదు. ఇంకా పెరిగింది. నాకేమీ అర్థం కాలేదు. ఒక ఆదివారం సారలమ్మ మెట్లు దిగి వచ్చింది.

"సార్, జర మీరన్న చెప్పున్రి. మొఖం గీసుకునుడు తక్కువ, బ్రష్షు కడుగుడు ఎక్కువైంది. నాకు చాయ పెట్టుకోనీకె పొయ్యి ఇస్తలేడు."

పైకి వెళ్లాను. బాత్రూమ్ గూట్లో స్టీలు గ్లాసు, దాని నిండా స్పిరిట్, అందులో తలకిందులుగా బ్రష్షు. రోజూ మరిగే నీళ్లలో వేసి తీసి, మెడికల్ షాపులో కొన్న స్పిరిట్‌లో నానబెట్టి, అదే బ్రష్షుతో గీతలు పడ్డ ముఖాన్ని రుద్దుకుంటున్నాడు. కుచ్చు విచ్చుకుపోయి చీపురు పుల్లల్లా బిరుసెక్కింది.

"లోపల మేము ఏది ముట్టినా స్పిరిట్ కొట్టినంకనే ముడ్తం సార్" అన్నాడు బిక్షపతి. "నీళ్లతోని కడిగి ఊకె పెట్టాల్నంటె చెయ్యి రాలె."

"మొఖం కంటె గ్లాసే నున్నగ మెరుస్తున్నది సూడున్రి" అంది సారలమ్మ. అతను కూడా నవ్వాడు.

మళ్లీ అదే షాపుకు వెళ్లి అలాంటిదే ఇంకొకటి తెచ్చాం. గోరువెచ్చటి నీళ్లలో తడపడం, నొక్కకుండా గుండ్రంగా తిప్పడం, మామూలు నీళ్లలో జాడించి విదిలించి గాలికి ఆరేయడం. ఇంతే చేయమన్నాను. స్పిరిట్ సీసాను సారలమ్మ ఎక్కడో దాచేసింది. మంట తగ్గుతూ వచ్చింది. ఎరుపు పోయింది. దవడ కింద కొంచెం గరుకు మాత్రం మిగిలింది.

అప్పుడే కంపెనీలో పెద్ద ఆర్డరు పని మొదలవుతోంది. ఈసారి ఎవరు ఆగిపోయినా వాళ్ల చోట కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చి పెట్టుకుంటామని సూపర్‌వైజర్ జీవన్ అందరికీ చెప్పాడట. బిక్షపతి ఆ మాట నాతో అని పైకి వెళ్లిపోయాడు.

పని మొదలయ్యే రోజు పొద్దున్నే మా గుమ్మం ముందు నిలబడ్డాడు. గడ్డం గీసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు.

"సార్, ఎలుగుల జర సూడున్రి. అద్దంల నాకు సక్కగ ఆనుతలేదు."

కిటికీ దగ్గరికి రమ్మన్నాను. కళ్లజోడు పెట్టుకుని చూశాను. చెవి కింద నుంచి దవడ దాకా సన్నటి పొట్టు, పిండి చల్లినట్టు. నాకు ఏమీ కనిపించడం లేదని చెబితే అతను బస్సెక్కి వెళ్లిపోతాడు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది.

"ఉంది బిక్షపతీ" అన్నాను. "కొంచెమే."

అతను తల ఊపాడు. మెట్ల మీద నిలబడ్డ సారలమ్మ కిందికి దిగింది.

"కొంచెమే అంటున్నరు గద సార్. మాస్కు పెట్టుకుంటె ఎవలకు కనవడ్తది?"

"మాస్కు పెట్టుకునేది కనవడకుంట ఉండనీకె కాదు" అన్నాడు నెమ్మదిగా. జేబులోంచి ఫోన్ తీసి జీవన్‌కు చేశాడు. అవతలి గొంతు మాకూ వినపడుతోంది.

"అన్నా, ఇయ్యాల గిట్ల జేస్తె ఎట్ల? జర నూనె రాసుకోని రా. అణిగిపోతది."

"నూనె రాసుకోని లోపలికి రావద్దని కొత్తోళ్లకు మీరే చెప్తరు గద సార్."

"నీ ఇష్టం అన్నా. మల్ల నన్ను అనొద్దు" అని జీవన్ పెట్టేశాడు.

సారలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పైకి వెళ్లింది. కాసేపటికి టిఫిన్ డబ్బా తెచ్చి అతని చేతికిచ్చింది. బిక్షపతి రోజూ ఎక్కే బస్సే ఎక్కి వెళ్లాడు. వెళ్లి, సీసాలను పెట్టెల్లో సర్దే ప్యాకింగ్‌లో నిలబడ్డాడు.

కొన్నాళ్లకు ముఖం పూర్తిగా బాగయింది. వెళ్లి అడిగాడు. అతని చోట నల్లగొండ నుంచి వచ్చిన కొత్త మనిషి ఉన్నాడు, పని బాగా చేస్తున్నాడు, తీసేయలేమన్నారు. బిక్షపతి ఎవరినీ తప్పుపట్టలేదు.

ప్యాకింగ్‌లో గడ్డం ఉన్నా అడిగేవాళ్లు లేరు. చలికాలం వచ్చేసరికి గీసుకోవడం మానేశాడు. గడ్డం సగం తెల్లగా వచ్చింది.

"పెండ్లయిన కాడ నుంచి ఈయన గడ్డమే సూడలె సార్" అంది సారలమ్మ, నీళ్ల బిందె గట్టు మీద దించి. "సచ్చిపోయిన మా మామనే లేశొచ్చినట్టున్నది."

మంట ఉందా అని అడిగాను. బిక్షపతి దవడ తడుముకుంటూ మెట్టు మీద కూర్చున్నాడు.

"లేదు సార్, సుకంగనే ఉన్నది" అన్నాడు. "ప్యాకింగ్‌ల మస్తు లొల్లి ఉంటది సార్. అందరు మాట్లాడుతనే ఉంటరు. నాకింకా గొంతు లేస్తలేదు" అన్నాడు.