రాగం తీసి చదివిన స్వాగతపత్రం

అరవైల చివర్లో, నేను తెనాలికి కాపురానికి వచ్చిన కొత్తలో జరిగిందిది. నాకు బడి చదువు లేదు. భట్టిప్రోలులో మా నాయనమ్మ పురాణం ముందు పెట్టి, రాగం తీస్తూ నేర్పిన చదువే.

మా వీధిలో నూనె మిల్లు యజమానిని అందరం బాబాయిగారనే పిలిచేవాళ్లం. వీధి కుళాయికీ, దీపాలకీ ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆయనే. ఆడవాళ్ల కోసం ఒక పఠనమందిరం కట్టించి, ప్రారంభం రోజున స్వాగతపత్రం చదివే పని నాకు అప్పగించారు.

నాకు తెలిసిన చదువు అదొక్కటే కదా! "మునిసిపల్ చైర్మన్ గారికీ..." అంటూ పురాణంలాగే రాగం తీశాను. సభంతా ఒక్కసారిగా నవ్వింది.

"సభకొచ్చి హరికథ మొదలెట్టిందేంటే ఈ పిల్ల!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

కాగితం అక్కడే పడేసి వెళ్లిపోవాలనీ, మళ్లీ ఆ గడప తొక్కకూడదనీ అనుకున్నాను.

అంతలో బాబాయిగారు కుర్చీలోంచి లేచి, చెప్పులు విడిచి, నా ఎదురుగా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"పురాణం కుర్చీల్లో కూర్చుని వింటామేంటండీ? నువ్వు చదువమ్మా," అన్నారు.

చైర్మన్ గారు కూడా నవ్వుతూ దిగి కూర్చున్నారు. చివరిదాకా అదే రాగంలో చదివాను.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ మందిరంలో శుక్రవారాలు పురాణం చదివాను. బాబాయిగారి సంతాపసభలో ఆయన గురించి రాసింది కూడా నేనే చదివాను, అదే రాగంలో. ఎవరూ నవ్వలేదు. అందరూ నేలమీదే కూర్చున్నారు.

ఈనాటికీ పూజలో గొంతెత్తే ముందు దేవుడితోపాటు ఆయనకూ ఒక దణ్ణం పెట్టుకుంటాను.