మేజరు ఓటడగని ఊరు

నియోజకవర్గం మొత్తంలో మా ఆయన ఓటు కోసం గడప తొక్కని ఊరు ఒక్కటే మిగిలింది. అది ఆయన పుట్టిన ఊరు.

"మన ఊళ్ళో ప్రచారమేంటి, నవ్వుతారు," అనేవారు నేను అడిగినప్పుడల్లా. "ఇంట్లోవాళ్ళని భోజనానికి పిలుస్తామా?"

ఈ మాటకి నాకు ఒళ్ళు మండేది. సైన్యంలో ఎవరూ ఎవరినీ అడగరు. పైవాడు చెబుతాడు, కిందివాడు చేస్తాడు. అన్నేళ్ళు అలా బతికిన మనిషికి అడగడం అనే విద్య ఎక్కడినుంచి వస్తుంది? చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది, అంతే.

ఆయనది భావనపాడుకి ఎగువన ఉన్న ఒక మత్స్యకారుల ఊరు. చిన్నప్పుడే సైనిక పాఠశాలకి ఎంపికై వెళ్ళిపోయారు. చుట్టుపక్కల రైతుల ఊళ్ళలో ఇంటికొక సిపాయి ఉంటాడు గాని, తెప్ప మీద బతికే ఇంట్లోంచి ఆఫీసరైనవాడు ఆయనొక్కడే. చివరికి కర్నల్ దాకా వెళ్ళినా ఊరివాళ్ళకి మాత్రం మేజరే. నాది గజపతినగరం పక్కన రైతుల ఇల్లు. కంటోన్మెంట్లలో కాపురం చేశాను. ప్రతి క్వార్టరుకీ కిటికీల కొలత వేరు. నేను కుట్టించిన కర్టెన్లు తర్వాతి ఇంట్లో పొట్టివయ్యేవి, ఆ తర్వాతి ఇంట్లో నేల మీద జీరాడేవి. రిటైరయ్యాక విశాఖలో సొంత ఇల్లు, ఒకే కొలత కిటికీలు, ఇంతే నేను కోరుకున్నది.

ఆ ఇల్లు రాలేదు, బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు వచ్చింది. ఊరి వెనక తడి నేలని అక్కడ బీల అంటారు. వానాకాలంలో అందులో చేపలు, నీళ్ళు తీశాక వరి, ఎండల్లో పశువులకి గడ్డి. ఆ బీలని ప్రభుత్వం ఒక కంపెనీకి రాసిచ్చింది. ఊరు వద్దంది. ఆయన ఇంకా సర్వీసుండగానే రాజీనామా ఇచ్చి వచ్చేశారు. విశాఖలో ఒక ఫ్యాక్టరీవాళ్ళు సెక్యూరిటీ ఆఫీసరుగా రమ్మంటే వెళ్ళలేదు. టెక్కలిలో అద్దెకి దిగాం. నేను ఒంటికాలి మీద లేచాను. ఫలితం లేదు.

ఆయన బీల గట్టున నిరసన శిబిరం వేశారు. పొద్దున్నే హాజరు తీసుకుంటుంటే ఆడవాళ్ళు పళ్ళికిలించేవారు. "మేజరు బాబు మాకు తుపాకీలెప్పుడిస్తాడో," అని ఏడిపించేవారు. కాని పోలీసులు వచ్చిన రోజున ఆయన చెప్పినట్టే చేశారు. ఎవరూ రాయి పట్టుకోలేదు, ఎవరూ లేచి పరుగెత్తలేదు. ముందు వరసలో కూర్చున్నది విధవలే. సముద్రం మగవాళ్ళని తీసుకుపోయిన ఊరు అది, అలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి. "పోయినోడు పోయాడు, ఇంక మాకేటి బయం," అని తమంతట తామే ముందుకొచ్చారు. లాఠీ దెబ్బకి వాళ్ళలో ఒకామె మణికట్టు విరిగింది. ఆయన్ని జైల్లో పెట్టారు. ప్లాంటు పని ఆగింది గాని రద్దు కాలేదు.

రాష్ట్రం రెండు ముక్కలైన ఏడాది ఎన్నికల్లో ఆయన స్వతంత్రుడిగా నిలబడ్డారు. గుర్తు కుట్టుమిషను. ఎక్కడికెళ్ళినా నవ్వే. గెలుస్తామని ఆయనకీ గట్టి నమ్మకం లేదు, భయం మాత్రం ఒక్కటుంది. ఒకరోజు బూట్ల లేసులు కట్టుకుంటూ అన్నారు: "మా ఊరే నాకు వేయకపోతే, ఊరివాళ్ళకే ఇష్టం లేని పోరాటం అంటుంది కంపెనీ. ఇంక శిబిరంలో కూర్చునే హక్కు నాకుండదు. విశాఖ వెళ్ళిపోదాం."

ఆ మాట వినగానే నా మనసు గంతేసింది. అలా గంతేసినందుకు నా మీద నాకే అసహ్యం కూడా వేసింది.

ప్రచారం ముగియడానికి ముందురోజు మా అత్త కబురు పెట్టింది. మావగారు పోయాక ఆమె ఊరు వదిలి రానంది. మేం వెళ్ళేసరికి వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. తలెత్తకుండానే అంది:

"ఊరు నీకెయ్యదురా నాయనా."

"ఎందుకెయ్యదమ్మా? ఈ ఊరి కోసం జైలుకి వెళ్ళాను."

"ఎల్లావు. ఎవలు కాదన్నారు? భావనపాడెల్లి సేతులు జోడించావు. రైతుల ఊళ్ళెల్లి కాళ్ళు మొక్కావు. మైకెట్టుకొని మన ఊరి ముందునుంచే తిరిగావు. ఒక్క గడపెక్కావేటి? మేజరుకి మనం సిపాయిలం, సెప్పకపోయినా లైన్లో నిలబడతాం అనుకుంటన్నాడు అని పెద్దలు నవ్వుతన్నారు."

"మనవాళ్ళని మనం అడగడమేంటి?"

"నువ్వు ఊరోడివని నువ్వనుకుంటే సాలదు, ఊరనుకోవాల. ఇంత గుంటడప్పుడు ఎల్లిపోయావు. ఆ ఎదరోడు సూడు, బీల అమ్మీసినోడే, గంగమ్మకాడ కొబ్బరికాయ కొట్టి పెద్దలకి తాంబూలాలిచ్చి మరీ ఎల్లాడు. పిలిసినోడి పేరంటానికే కదరా ఎవలైనా ఎల్లేది?"

అప్పుడు నావైపు తిరిగింది. "ఓలమ్మీ, నీకైనా తెల్దా? బొట్టెట్టి పిలవడం మీ రైతులిళ్ళలో నేదా?"

"మీ అబ్బాయి వింటారా?" అన్నాను. "ఇంట గెలిచి రచ్చ గెలవమని నెల రోజులుగా మొత్తుకుంటున్నాను."

"నేనే ఎల్దును. నాకు బొట్టు నేదు." ఆమె మళ్ళీ చేపల మీదకి వంగిపోయింది.

టెక్కలి వచ్చేదాకా మేమిద్దరం పోట్లాడుకున్నాం. ఓటంటే పేరంటమా, కుంకుమ పెట్టి అడుగుతారా, ఎవరి ఓటు వాళ్ళ ఇష్టం అని ఆయన వాదన. మీ ఇష్టం మీదే, వాళ్ళ ఇష్టం వాళ్ళదే, మధ్యలో అడగడానికి నోరెందుకు రాదు అని నాది. తెల్లారి నేను కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరాను. ఆయన ఆటోలో నాతో వచ్చారు గాని ఊరి మొదట్లోనే ఆపించి, "నేను రాను," అని కూర్చున్నారు. సాయంత్రంతో ప్రచారం బంద్. ఆ తర్వాత గడప ఎక్కితే డబ్బు పంచుతున్నారని కేసు పెడతారు.

ఊరి మొగదల పోలీసులు ఆపారు. ఒక కానిస్టేబులు భరిణె తెరవమన్నాడు. డబ్బేమైనా ఉందేమోనని వేలు పెట్టి తిప్పాడు. వేలు ఎర్రగా అయిపోయి ఏం చేయాలో తోచక నిలబడ్డాడు.

"మీరూ పిలుపు అందుకున్నట్టే," అన్నాను. అతను నవ్వలేదు.

సముద్రం మీద చేపల వేట నిషేధించిన రోజులు. మగవాళ్ళందరూ ఒడ్డునే ఉన్నారు. ఎదటి పార్టీ కుర్రాళ్ళు అరుగుల మీద కూర్చుని నన్నే చూస్తున్నారు. మొదటి గడప ఊరి పెద్ద ఇల్లు. అతను తాంబూలం పుచ్చుకున్నవాళ్ళలో ఒకడు. అతని భార్య నుదురు చూపిస్తే వీధంతా చూపిస్తుంది. తలుపేసుకుంటే వీధంతా వేసుకుంటుంది. నేను మెట్టు కింద నిలబడ్డాను. లోపల పెద్దాయన దగ్గు వినిపిస్తోంది, ఎవరూ బయటికి రావడం లేదు. అన్ని గుమ్మాల్లోనూ ఆడవాళ్ళు నిలబడిపోయారు. ఎండ నెత్తి మీద కాస్తోంది. వెనక్కి తిరిగి విశాఖ వెళ్ళిపోదామా అనిపించింది నాకు.

చివరికి ఆమె వచ్చింది.

"ఏటి పని?"

"పిలవడానికొచ్చాను."

"పెళ్ళా, పురుడా?"

"ఓటు."

అరుగు మీద ఎవరో పకపక నవ్వారు. ఆమె నవ్వలేదు. "మొగుడేడి?"

"ఊరి మొదట్లో, ఆటోలో."

"దిగడానికి కాళ్ళు నేవేటి?"

అంతే, నా కోపం నషాళానికంటింది. కంటోన్మెంట్లలో అన్నేళ్ళు దాచుకున్న మా ఊరి మాట నోట్లోకి వచ్చేసింది. "కాళ్ళున్నాయి, నోరే నేదు! అడగడం ఆ పటాలంలో ఎవలూ నేర్పనేదు. జైల్లో ఎట్టినప్పుడు మా ఊరోడు, మా ఊరోడు అన్నారు కదా మీరంతా. ఊరోడైతే తిట్టండి, సెవి మెలెయ్యండి, సెంప మీద కొట్టండి. అంతేగాని బీల అమ్మీసినోడి తాంబూలం నములుతూ నా మొగుడి కాళ్ళ సంగతి అడగతన్నారేటి?"

నా పని అయిపోయింది అనుకున్నాను. ఆమె మెట్టు దిగి వచ్చి, నా ముందు నుదురు వంచింది. బొట్టు పెట్టాను. లోపల పెద్దాయన గట్టిగా దగ్గాడు.

"దగ్గుకి మందేసుకో," అంది ఆమె వెనక్కి చూడకుండానే.

నేను పక్క గుమ్మం దాటి తర్వాతి ఇంటివైపు తిరిగేసరికి, ఆ దాటిన గుమ్మంలోంచి ఒక గొంతు లేచింది. మణికట్టు విరిగినామె. చెయ్యి ఇంకా వంకరగానే ఉంది.

"కోడలా, మా గడప దాటేస్తన్నావేటి?"

నేను ఆగిపోయాను. విధవకి బొట్టు పెట్టి పిలవరు. పక్క ఇంటికి వెళ్ళిపోవడం ఆచారం, నా కాళ్ళు ఆచారం ప్రకారమే వెళ్ళిపోతున్నాయి.

"లాఠీల ముందు కూకోనిచ్చినప్పుడు బొట్టుందా నేదా సూసుకున్నారా?" అంది. "ఓటుకొచ్చేసరికి బొట్టు కావాలొచ్చిందా?"

భరిణె పట్టుకుని ఆ వీధిలో నిలబడిపోయాను. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు. ఆమె వెనక ఇంకా ఎన్ని గుమ్మాలున్నాయో నాకు తెలుసు, మా అత్త గుమ్మంతో సహా.

అప్పుడు చూశాను ఆయన్ని. ఆటో ఎప్పుడు దిగారో, ఎంతసేపటినుంచి వింటున్నారో. చెప్పులు వీధిలోనే విడిచి, టోపీ చేతిలో పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిటారుగా నిలబడ్డారు. ఆ నిలబడడం నాకు తెలుసు. చనిపోయిన సిపాయిల ఇళ్ళకి ఆయన ఎన్నోసార్లు వెళ్ళారు. ఒకసారి నాతో చెప్పారు, దానికి ఏ ట్రైనింగూ లేదని. గుమ్మం ముందు నిలబడాలి, మనమెవరో చెప్పాలి, ఎందుకొచ్చామో చెప్పాలి, వాళ్ళు వెళ్ళమనేదాకా కదలకూడదు.

తన పేరు చెప్పారు. తండ్రి పేరు చెప్పారు. "ఓటడగడానికి వచ్చానమ్మా. ముందే రావాల్సింది," అన్నారు. ఆ తర్వాత నోరు మూసుకుని నిలబడ్డారు.

ఆమె ఆయన వట్టి పాదాలవైపు చూసింది. "మీ అయ్య పేరు నాకు సెప్పాలేటి? మా ఆయన మొదట వేటకెల్లింది మీ అయ్య తెప్ప మీదే. కూకో, నీల్లు తాగు."

ఆ రోజు నేను బొట్టున్న గడపలన్నీ ఎక్కాను, ఆయన బొట్టు లేని గడపలన్నీ ఎక్కారు. ఆఖరు గడప మా అత్తది. కొడుకు చేతులు కట్టుకుని నిలబడితే, "ఎవల కొడుకువి?" అని అడిగింది.

"నీ కొడుకునే."

"అయితే ఆలోసిస్తాన్లే," అని లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

ఓడిపోయాం. మామూలు ఓటమి కాదు, డిపాజిట్టు కూడా పోయింది. మా ఊరి మిషన్లో మాత్రం ఓట్లన్నీ కుట్టుమిషనుకే పడ్డాయి. అదే ఆయన్ని కుంగదీసింది. "వాళ్ళిచ్చినది నీళ్ళపాలు చేశాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అన్నారు. గెలిచినవాళ్ళు పని మళ్ళీ మొదలుపెడతారని ఊరంతా అనుకుంటోంది. శిబిరానికి రోజూ జనం వెళ్తున్నారు. ఆయన మాత్రం కదలలేదు.

"పిలిస్తే వెళ్తాను," అన్నారు.

ఎవరూ పిలవలేదు. వారం గడిచింది. విశాఖ ఫ్యాక్టరీవాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. ఆయన వెంటనే కాదనలేదు. నేను ట్రంకు పెట్టెలోంచి పాత కర్టెన్లన్నీ తీసి, టేపు పట్టుకుని కొలవడం మొదలుపెట్టాను. కోరుకున్నది చేతికొచ్చింది గాని నోటికి రుచి లేదు.

ఆ పొద్దున టెక్కలి బజారుకి ఎండుచేపల గంపలతో వచ్చిన ఆటో మా గుమ్మం ముందు ఆగింది. మా అత్త, వంకర చేతి ఆమె దిగారు.

"ఒంట్లో బాగోనేదేటి?" అని అడిగింది వంకర చేతి ఆమె.

"బానే ఉన్నాను," అన్నారాయన. "కబురేమీ రాలేదు కదా, పిలిస్తే వద్దామని..."

ఆమె మా అత్త మొహంలోకి చూసింది. "వింటన్నావా అప్పా? పిలుపు కోసం కూకున్నాడంట. ఊరోడికి పిలుపేటి?"

ఆయన లేచి చెప్పుల కోసం వెతుక్కున్నారు. కన్నీళ్ళకి కనబడక ఒక చెప్పు నాది వేసుకున్నారు.

మా అత్త నా చేతిలో టేపు చూసింది, మంచం మీద కర్టెన్లు చూసింది. "శిబిరంకాడ పందిరి సిరిగిపోయినాది, ఎండకి ఆగలేకపోతన్నాం. ఆ గుడ్డలట్టుకొని నువ్వూ రా," అంది.

ఏ ఇంటి కిటికీకీ సరిపోని ఆ కర్టెన్లన్నీ ఒకదానికొకటి ముడేసి ఆ మధ్యాహ్నమే పందిరికి కట్టాం. బాగానే సరిపోయాయి.