కాదని చెప్పే సంచి

కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవనని మొరాయించాక, తెనాలిలో మా వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను చూడకముందే నా సంచిని చూశారు. అది కుర్చీలో కూర్చుంది, నేను పక్కన నిలబడ్డాను.

"ఏంటమ్మా, ఊరెళ్తున్నారా?"

"లేదండి. పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తానండి."

"అయితే ఆ బరువైనా తగ్గించండి, ఆ పనైనా మానుకోండి. రెండూ ఉంచుకుంటే కొన్నాళ్ళకి ఈ చెయ్యి అసలు లేవదు."

కెమెరాను కంటిదాకా ఎత్తలేని ఫొటోగ్రాఫరు ఏం చేస్తుంది? నాకు వచ్చిన పని అదొక్కటే. ఇంకో పని నేర్చుకునే ఓపిక కూడా లేదు. దారి పొడుగునా భయపడుతూనే ఇంటికి వచ్చాను.

సంచిని మంచం మీద కుమ్మరించాను. అక్క వచ్చి పక్కన కూర్చుంది. కెమెరా, రెండు లెన్సులు, ఫ్లాషు, బ్యాటరీలు తీసి ఒక పక్కన పెడితే చిన్న కుప్ప అయింది. మిగిలినదే పెద్ద కుప్ప. పిన్నీసుల డబ్బా, జడ పిన్నులు, రబ్బరు బ్యాండ్లు, దారపుండ, కుంకుమ భరిణె, ఎవరివో షుగరు మాత్రలు, ఎవరి పిల్లదో ఒంటి మేజోడు, ఎండిపోయిన మల్లెపూల ముక్క, సగం తాగిన నీళ్ళ సీసా. ఇందులో నావంటూ ఏవీ లేవు.

పెళ్ళింట్లో ఆడవాళ్ళ గదిలోకి కెమెరాతో వెళ్ళేది నేనే. చీర కట్టే దగ్గర్నుంచి అప్పగింతల దాకా పెళ్ళికూతురి పక్కనే ఉంటాను. పెళ్ళికూతురికి జేబు ఉండదు, వాళ్ళమ్మకు తీరిక ఉండదు. అందుకని, "అమ్మాయ్, ఇది కాస్త నీ సంచిలో వెయ్యమ్మా" అంటారు. ముందు ఫోను వస్తుంది, తరవాత కళ్ళజోడు, ఆ తరవాత చెప్పులు. బాపట్లలో ఒక మామ్మగారైతే భోజనమయ్యాక కట్టుడుపళ్ళు రుమాల్లో చుట్టి ఇచ్చింది. అవీ పుచ్చుకున్నాను. వద్దని చెప్పాలనే ఉంటుంది. చెప్పబోతే మాట గొంతులో అడ్డం పడుతుంది, చెయ్యి మాత్రం దానంతటదే ముందుకు పోతుంది.

"నీకు కావలసింది చిన్న సంచి కాదే, వద్దనే నోరు" అంది అక్క.

ఆ నోరు ఈ వయసులో కొత్తగా ఎక్కడి నుంచి తెచ్చుకోను? సంచి అయితే బజారులో దొరుకుతుంది. మర్నాడే ఇద్దరం వెళ్ళాం.

కొట్టు నిండా బడి సంచులే. కెమెరావి పై అరలో ఎక్కడో ఉన్నాయి. కొట్టతను వాటి దుమ్ము దులుపుతూ, "సార్ ఏ కెమెరా వాడతారండీ?" అన్నాడు.

"ఏ సారు?" అంది అక్క. అతను మళ్ళీ సారు ఊసెత్తలేదు.

గల్లాపెట్టె పక్కన నా సరంజామా అంతా పరిచి, ఒక్కో సంచిలో సర్ది చూశాను. మొదటిది తోలుది, చూడ్డానికి బాగుంది, కానీ ఖాళీగా ఉన్నప్పుడే భుజం లాగింది. రెండోది తేలికే, మూతకు వెల్‌క్రో ఉంది. చర్చి పెళ్ళిలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా వెల్‌క్రో పర్రుమంటే ఏమవుతుందో నాకు అనుభవమే. బాపట్లలో ఒకసారి కళ్ళు మూసుకున్న సంఘమంతా కళ్ళు తెరిచి నా వైపు చూసింది. మూడోది జిప్పుది, నల్లగా, బుజ్జిగా ఉంది. పట్టీ వెడల్పు, లోపల మెత్త ఉంది. మెడ మీంచి అడ్డంగా వేసుకుంటే బరువు నడుం మీదికి దిగుతుంది. లెన్సు తగిలించిన కెమెరా నడుమ, రెండో లెన్సు ఒక పక్క, ఫ్లాషు ఇంకో పక్క, బ్యాటరీలు ముందు జేబులో పట్టాయి. ఆ పైన చెయ్యి దూర్చబోతే దూరలేదు.

"బాగా ఇరుకండి. ఇంకాస్త పెద్దది చూపించనా? రేపు ఇంకేదన్నా పెట్టుకోవాలన్నా చోటుండాలి కదండీ."

"ఇదే ఇవ్వండి. ఇంకేమీ పట్టకూడదు నాకు" అన్నాను. అతను అక్క వైపు చూశాడు. అక్క సీలింగు ఫ్యాను వైపు చూసింది.

దాంతో చేసిన మొదటి పెళ్ళి బాపట్లలోనే. ఎవరో ఫోను పట్టుకుని వచ్చారు. నేనేమీ మాట్లాడకుండా జిప్పు తీసి చూపించాను. "అయ్యో, చోటు లేదు పాపం" అని వాళ్ళే వెళ్ళిపోయారు. ఎవరికీ కోపం రాలేదు. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, భుజం ఉన్న సంగతే తెలియలేదు. ఎన్నాళ్ళకో హాయిగా కళ్ళు మూతలు పడ్డాయి.

మర్నాడు ఫొటోలు కంప్యూటర్లో వేసి చూసుకుంటే ప్రాణం ఉసూరుమంది. వెలుగు బాగుంది, రంగులు బాగున్నాయి, మనుషులే లేరు. అందరూ ఆధార్ కార్డుకు నిలబడ్డట్టు నిలబడ్డారు. పాత పెళ్ళిళ్ళవి తీసి చూశాను. పంటి కింద పిన్నీసు పెట్టుకుని కుచ్చిళ్ళు సర్దుతున్న తల్లి, కళ్ళజోడు కోసం తడుముకుంటూ నవ్వుతున్న పిన్ని, ఫోను అందుకుని ఎవరికో గబగబా మెసేజి కొడుతున్న పెళ్ళికూతురు. నాకు పేరు తెచ్చిన ఫొటోలన్నీ ఆ పాత సంచి దగ్గర తీసినవే. తమ వస్తువు కోసం వచ్చి, కెమెరా సంగతి మరిచిపోయిన ముఖాలు అవి. ఇన్నేళ్ళూ ఆ బరువును తిట్టుకుంటూ తిరిగాను. వాళ్ళను నా దగ్గరికి తెచ్చింది ఆ బరువేనని తెలిశాక కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. భుజం నిలబెట్టుకుంటే ఫొటోలు పోయేట్టున్నాయి.

తరవాతి పెళ్ళి రేపల్లె అవతల అడవులదీవి అనే ఊళ్ళో, చేపల పడవలున్న వాళ్ళింట్లో. పొద్దున్నే రేపల్లె రైల్లో కూర్చుని, కొత్త సంచి పట్టీ పొడుగునా వరసగా పిన్నీసులు గుచ్చాను. పిన్నీసులకు బరువుండదు కదా అనుకున్నాను. రేపల్లెలో దిగి బస్సెక్కితే, ఎదుటి సీటావిడ ఆ పట్టీని చాలాసేపు చూసింది.

పెళ్ళింట్లో పెళ్ళికూతురి పెద్దమ్మ ముందు కనిపెట్టింది. "ఇదిగోనే, పిన్నీసులన్నీ ఈ పిల్ల దగ్గరే ఉన్నాయి!" అని కేకేసింది. అంతే, అందరూ నా చుట్టూ చేరారు. అడగడం కూడా లేదు, నేరుగా నా ఒంటి మీంచే పీక్కున్నారు. చెయ్యి నొప్పి లేకుండా లేచింది. కావలసిన ముఖాలన్నీ దొరికాయి.

పెళ్ళికూతురి తల్లి అందరికంటే చివర వచ్చింది. నేను వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ కూర్చోగా చూడలేదు. జడ కూడా వేసుకోలేదు. అప్పటికి గదిలో ఎవరూ లేరు, అందరూ పెళ్ళికూతుర్ని తీసుకుని పందిట్లోకి వెళ్ళారు. కెమెరా బ్యాటరీ మార్చుకుని వెళ్దామని నేనొక్కదాన్నే వెనక కూర్చున్నాను. పైట మడతకు పిన్నీసు పెట్టుకుని, నా పక్కన చాప మీద కూలబడింది.

"ఒక్క నిమిషం తల్లీ" అని నా కుడి భుజం మీద తల వాల్చి కళ్ళు మూసుకుంది.

జిప్పు తీసి చూపించి పంపేయగలిగిన బరువు కాదది. కాసేపటికే భుజం లాగడం మొదలుపెట్టింది. కెమెరా ఒళ్ళోనే ఉంది, ఎత్తలేదు. ఎత్తితే ఆవిడ లేస్తుంది. ఆవిడ ఊపిరి నెమ్మదిగా, బరువుగా అయింది.

గుమ్మంలోంచి ఒక పెద్దాయన తొంగిచూశాడు. "పెళ్ళికూతురి అమ్మేదీ? లేపండమ్మా, పందిట్లో అందరూ అడుగుతున్నారు."

"ఇప్పుడు కాదండి" అన్నాను. "కాసేపాగి వస్తారు, వెళ్ళండి."

ఆయన వెళ్ళిపోయాడు. మాట ఈసారి గొంతులో అడ్డం పడలేదు. భుజం మాత్రం లాగుతూనే ఉంది.